శేషు పెద్దవాడయ్యాడు, గౌరి కాలేదు

కొత్తగా తెలుగు పంతులు ఉద్యోగంలో చేరినవాళ్ళు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు. "మాస్టారూ, పాత్రల్ని పోల్చి రాయమంటే పిల్లలు తెల్లమొహం వేస్తున్నారండీ. ఏం చెయ్యమంటారు?" సంధుల గురించి అడగరు, అవి పుస్తకంలో దొరుకుతాయి. ఛందస్సు గురించి అడగరు, దానికి లెక్కపెట్టుకోడానికి వేళ్ళున్నాయి. ఈ పోల్చడం ఒక్కటే అందరికీ కొరకరాని కొయ్య.

నాకూ అంతే. ఎన్నేళ్ళు చెప్పినా, ఎన్ని వందల జవాబులు దిద్దినా, సుఖంగా చేతికి వచ్చిన విద్య కాదది. నా ప్రమోషన్లు, బదిలీలు, ఇన్‌స్పెక్టరు దొర మెచ్చుకోళ్ళు ఇక్కడ రాయను. అవి చదివితే మీకు నిద్ర వస్తుంది, రాస్తే నాకూ వస్తుంది. రాసేదల్లా నా మొదటి ఆరేళ్ళ గురించి, అందులోనూ నేను వెలగబెట్టిన ఒక తెలివితక్కువ పని గురించి. మంచి పనులూ కొన్ని చేశాను గాని, వాటివల్ల ఎవరూ ఏమీ నేర్చుకోలేదు, నాతో సహా.

నిలువు గీత

మాది కృష్ణ ఒడ్డు. యుద్ధం మొదలైన ఏడు బెంగుళూరు పేటలో ఒక హైస్కూల్లో చేరాను. ఊరికి అటువైపు దండు, అంటే సోల్జర్లుండే కంటోన్మెంటు. ఇటువైపు మా పేట, అంగళ్ళు, మగ్గాలు. మా పిల్లల్లో ఎక్కువమంది తాతల నాటినుంచి అక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్ళ పిల్లలు. వాళ్ళకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషు. నాకు సరిగ్గా వచ్చింది ఒక్క తెలుగే. అందుకని నాదే అసలు తెలుగని గట్టిగా నమ్మాను.

"ఉండాది కాదురా, ఉంది అనాలి," అనేవాణ్ణి రోజుకు పదిసార్లు.

"ఉంది అంటే ఉండాదనే కదా అయ్యవారూ?" అనేవాళ్ళు వాళ్ళు, ఎంతో ఓపికగా, నాకు తెలియదేమోనని.

మా పాఠ్యపుస్తకంలో ఒక చిన్న నవల, కొన్ని కథలు ఉండేవి. వాటి పేర్లు చెప్పను. రాసినవాళ్ళ మనవలు ఎక్కడైనా కర్ర పట్టుకుని ఉండొచ్చు. నవలలో శేషు అనే కుర్రాడు పదేళ్ళప్పుడు ఇల్లు విడిచి, హోటళ్ళు, రేవులు, పట్నాలు తిరిగి, దెబ్బలు తిని, మీసాలు వచ్చాక ఊరు చేరుకుంటాడు. ఒకప్పుడు తన మేనమామ కూర్చున్న అరుగు మీదే కూర్చుని, ఊళ్ళోవాళ్ళు ఏమన్నా గంగిరెద్దులా తలూపుతాడు. "శేషు పెద్దవాడయ్యాడు" అని ఆఖరి వాక్యం. అది చదివినప్పుడల్లా నాకు కళ్ళు చెమర్చేవి.

మరొకటి నాలుగు పేజీల కథ, గౌరి అనే పిల్లది. పక్కింటి కోడి గౌరి వాళ్ళ పెరట్లోకి వస్తే, గౌరి నాన్న దాన్ని బుట్ట కింద మూస్తాడు. కోడి మా ఇంటికి రాలేదని చెప్పి రమ్మని పదకొండేళ్ళ గౌరిని పంపుతాడు. ఇంట్లో అందరూ "పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే, పో" అంటారు. గౌరి పక్కింటికి పోయి, కాసేపు నిలబడి, "మా బుట్ట కింద ఉంది" అని చెప్పి వచ్చేస్తుంది. అంతే కథ.

రెండూ పిల్లలు పెరగడం గురించినవే. కాబట్టి పోల్చడానికి భేషుగ్గా ఉంటాయని నేను బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసేవాణ్ణి. ఇటు పోలికలు, అటు తేడాలు. గీత మాత్రం చాలా చక్కగా వచ్చేది. ఒకడు ఇలా రాశాడు: "పోలికలు: ఇద్దరికీ అమ్మ ఉండాది. ఇద్దరికీ ఆకలి ఉండాది. తేడా: శేషు పొడుగు, గౌరి పొట్టి."

"శేషు పొడుగని పుస్తకంలో ఎక్కడుందిరా?" అన్నాను.

"శేషు నూట అరవై పేజీలు ఉండాడు అయ్యవారూ. గౌరి నాలుగే పేజీలు. పొడుగు కాడా మరి?"

వాణ్ణి బెంచీ ఎక్కించాను. నవలలో మనిషికి పెరగడానికి ఏళ్ళు దొరుకుతాయి, కథలో ఒక్క గడియే దొరుకుతుంది, కాబట్టి ఇద్దరినీ ఒకే గజంబద్దతో కొలవకూడదు అన్న సంగతి వాడు వాడి భాషలో చెప్పాడని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. మీరు అలా చెయ్యకండి. బెంచీ ఎక్కించేముందు వాడు ఏమన్నాడో ఇంకోసారి వినండి.

హెడ్మాస్టరు వెనక బెంచీలో కూర్చున్నాడు

మా హెడ్మాస్టరు కన్నడిగుడు. ఆయనకు తెలుగు రాదు, నాకు కన్నడం రాదు. ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం, అదీ పొదుపుగా. ఒకరోజు నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని పీరియడంతా చూశాడు. భాష రానివాడు ఏం చూస్తాడులే అని నేను ధీమాగా గీత గీశాను.

బయటికి వచ్చాక ఆయన అన్నాడు: "మేష్ట్రే, మీరు గీతను చూశారు. పిల్లలు గీతను చూశారు. పుస్తకం వైపు ఒక్కరూ చూడలేదు. రేపు వాళ్ళు కొట్టుకునే ప్రశ్న ఒకటి అడగండి."

నాకు ఒళ్ళు మండింది. తెలుగు అక్షరం ముక్క రానివాడు నాకు తెలుగు చెప్పడం నేర్పడమా! ఆ మంటలోనే మర్నాడు క్లాసులోకి పోయి, కసికొద్దీ అడిగాను. "శేషుకీ గౌరికీ పెళ్ళి చేస్తే ఆ ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుంది?"

అబ్బో, ఇక చూడాలి! నలభైమంది ఒకేసారి లేచారు. శేషు లోకం చూసినవాడు, వాడిదే నెగ్గుతుందని సగంమంది. గౌరి నోటి ముందర వాడెంత అని సగంమంది. పుస్తకాలు తెరిచి పేజీలు చూపించుకుంటున్నారు. పక్క క్లాసు లెక్కల మాస్టారు వచ్చి తలుపు కొట్టాడు. ఆ గోలలో రత్నమ్మ లేచి నిలబడింది. క్లాసులో ఉన్న ముగ్గురు ఆడపిల్లల్లో ఒకతె, కబ్బన్‌పేట మగ్గాలవాళ్ళ అమ్మాయి.

"గౌరి వాణ్ణి చేసుకోదు అయ్యవారూ," అంది.

"ఏమమ్మా?"

"ఆ యప్ప ఎవురేం చెప్పినా సరే అంటాడు. కోడిని దాచమంటే దాచేస్తాడు. గౌరికి అట్లాంటోడు ఎందుకు?"

క్లాసంతా గొల్లుమంది. నేను బల్ల చరిచి కూర్చోమన్నాను గాని, లోపల ఎక్కడో చురుక్కుమంది. ఆ అమ్మాయి శేషును తీసుకుపోయి గౌరి పెరట్లో, కోడిబుట్ట పక్కన నిలబెట్టింది. పోల్చడమంటే అదే. శేషును గౌరి ఇంట్లో పెట్టండి, గౌరిని శేషు ఊళ్ళో పెట్టండి, ఎవరేం చేస్తారో చూడండి. ఇంతకంటే పెద్ద రహస్యం నా దగ్గర లేదు. దాన్నీ నేను కనిపెట్టలేదు. హెడ్మాస్టరు కోపం తెప్పిస్తే, రత్నమ్మ చెబితే వచ్చింది.

నా సున్నా

రత్నమ్మ నాన్న ముత్యాలప్ప. స్కూలు దారిలో ఎదురైతే ఆగి నమస్కారం పెట్టేవాడు. మంచి మాటకారి, పట్టుదల మనిషి.

"మా పాప టీచరమ్మ అవుతానంటా ఉండాది అయ్యవారూ," అన్నాడొకసారి. "కానీలే అన్నా. కానీ ఒకటే మాట. అన్నిట్లో పాసయితే చదువుతాది. ఒక్కదాంట్లో తప్పినా మగ్గం కాడికే. కండెలు చుట్టేకి మనిషి లేక సస్తా ఉండాం."

"మీ అమ్మాయి తప్పడమేమిటండీ! తెలుగులో దానికి తిరుగులేదు," అన్నాను. ఆ మాట అన్నది నేనే. గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడు పబ్లిక్ పరీక్షకు ఎవరిని పంపాలో తేల్చే పరీక్ష స్కూల్లోనే పెట్టాం. యుద్ధంవల్ల కాగితానికి కరువు. ఒక్కొక్కరికీ లెక్కగా రెండేసి కాగితాలు. ఇరవై మార్కుల ప్రశ్న నాదే: "శేషు, గౌరి. వీరిద్దరిలో నిజంగా పెరిగినది ఎవరు? పోల్చి రాయండి." దిద్దుతూ దిద్దుతూ రత్నమ్మ కాగితం దగ్గరికి వచ్చాను. ఇలా రాసింది:

"శేషు నూట అరవై పేజీలు తిరిగి తిరిగి ఆఖర్న పెద్ద అయినాడు. పుస్తకంలోనూ పెద్దే, మా వీధిలోనూ పెద్దే. గౌరిని కూడా పెద్ద చెయ్యాలని ఇంట్లో అందరూ చూసినారు. కోడి బుట్ట కింద ఉండాది, లేదని చెప్పు, పెద్దయినాక నీకే తెలుస్తాదని చెప్పినారు. గౌరి పెద్ద కాలేదు. కాబట్టి ఇద్దరిలో పెరిగింది గౌరే."

నాకు తిక్క రేగింది. పెద్ద కాకుండా పెరగడమేమిటి? "మా వీధిలోనూ పెద్దే" అన్నచోట ఎర్ర పెన్సిలుతో "శేషు మీ వీధికి ఎప్పుడొచ్చాడు?" అని రాశాను. కింద "అసంబద్ధం" అని రాసి, గుండ్రంగా సున్నా చుట్టాను. తెలివైన పిల్లకు పొగరెక్కితే ఇలాగే అవుతుందని స్టాఫు రూములో ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ ఇరవై పోయేసరికి రత్నమ్మ తెలుగులో తప్పింది. మిగతా అన్నిట్లో పాసు.

జాబితా బోర్డు మీద పెట్టిన మర్నాటినుంచి ఆ అమ్మాయి బడికి రాలేదు. వచ్చి ఏడవలేదు, అడగలేదు. నాకది ఇంకా పొగరుగా కనిపించింది.

రేషను కార్డు

ఆ ఆదివారం పొద్దున నేను అద్దెకుండే ఇంటి గుమ్మంలో పేపరు చదువుతున్నాను. ఇల్లుగలావిడ కన్నడావిడ, తెలుగు కొంచెం వచ్చు. ఆవిడ అల్లుడు రేషను చక్కెర కోసం రెండు గంటలు వరసలో నిలబడి, తీరా తన వంతు వచ్చాక చూసుకుంటే కార్డు ఇంట్లోనే ఉంది. ఖాళీ సంచీతో తిరిగివచ్చాడు. ఆవిడ నడివీధిలో అందుకుంది. "ఏనో పెద్ద! శుద్ధ పెద్ద!"

నాకు ముచ్చటేసింది. తిట్టేటప్పుడు కూడా అల్లుడి మర్యాద మరిచిపోలేదు కదా అనుకున్నాను. సర్దిచెబుదామని, "పోనీలెండి అమ్మగారూ. ఎంతైనా ఇంటికి పెద్ద. నలుగురిలో అలా అంటే ఏం బాగుంటుంది?" అన్నాను.

అల్లుడు నావైపు అదోలా చూశాడు. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, గోడ పట్టుకుని, చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అయ్యో మేష్ట్రే! పెద్ద అంటే మీ పెద్ద కాదు. కన్నడంలో పెద్ద అంటే దడ్డ! బుర్ర లేనివాడు!"

నేను ఓహో అన్నాను. అంతలో ఆవిడ గబుక్కున నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఎందుకో నాకు కొంచెం ఆలస్యంగా వెలిగింది. ఆరేళ్ళుగా ఆ వీధి వీధంతా నన్ను "పెద్ద మేష్ట్రు" అనేది. నేను సీనియారిటీ అనుకుని, కండువా సర్దుకుని, తలపంకించి వెళ్ళేవాణ్ణి.

సిగ్గుపడ్డాను, నిజమే. కానీ సిగ్గు రెండు నిమిషాలే. మూడో నిమిషంలో రత్నమ్మ రాసిన మాట గుర్తొచ్చింది. లోపలికి పరుగెత్తి రత్నమ్మ కాగితం తీసి మళ్ళీ చదివాను. శేషు ఆఖర్న పెద్ద అయినాడు. పుస్తకంలోనూ పెద్దే, మా వీధిలోనూ పెద్దే. గౌరి పెద్ద కాలేదు.

ఓరి భగవంతుడా! రెండు భాషలు తెలిసిన పిల్ల ఒక్క మాటతో రెండు పుస్తకాలను పోల్చేసింది. లోకం చూసివచ్చి తలూపడం నేర్చుకున్నవాడు తెలుగులో పెద్దవాడు, కన్నడంలో మొద్దు. ఎంతమంది చెప్పినా అబద్ధం ఆడనిది మొద్దు కాలేదు, కాబట్టి పెరిగింది. నేను బుద్ధిగా ఏటేటా కళ్ళు చెమర్చుకుంటున్న ఆఖరి వాక్యాన్ని పట్టుకుని, చెవి మెలిపెట్టి చూపించింది. అలాంటి జవాబు నా సర్వీసులో మళ్ళీ రాలేదు. దానికి నేను వేసింది సున్నా.

కారణం

సోమవారం పొద్దున్నే హెడ్మాస్టరు గదిలో నిలబడ్డాను. పబ్లిక్ పరీక్షకు పోయే పేర్లు మర్నాడే పంపాలి.

"మార్కులు మార్చాలంటే కారణం రాసివ్వాలి," అన్నాడాయన. "కూడిక తప్పా?"

"కాదండీ. ఒక మాటకు అర్థం తెలియక."

"పిల్లకా?"

"నాకు."

ఏ మాట అని అడిగాడు. చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, చాలాసేపు మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు. నవ్వుతున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. కారణం రాసిచ్చాను. ఇరవైకి పద్దెనిమిది వేశాను. ఆ రెండు ఎందుకు తగ్గించానో ఇప్పటికీ చెప్పలేను, పంతుళ్ళ చెయ్యి అంతే. సంతకం పెట్టి ఆయన అన్నాడు: "మార్కులు మారాయి. కానీ ఆ అమ్మాయి రాకపోతే ఈ మార్కులు ఏం చేసుకోను? సాయంత్రంలోగా వాళ్ళ నాన్న చేత సరేననిపించి రండి. లేకపోతే పేరు కొట్టేస్తాను."

తప్పు ఒప్పుకుంటే పంతులి పరువు పోతుందని మీకు చాలామంది చెబుతారు. నిజమే, కొంత పోతుంది. పోనివ్వండి. పిల్లది పోకుండా చూడండి.

మగ్గం ఆగింది

ముత్యాలప్ప ఇంట్లో ముందు గదంతా మగ్గాలే. ఆయనా, ఇద్దరు తమ్ముళ్ళూ నేస్తున్నారు. వాళ్ళ ఆడవాళ్ళు నూలు సరిచేస్తున్నారు. మూల రాట్నం ముందు కూర్చుని రత్నమ్మ నూలు కండెలు చుడుతోంది. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

నేను సంగతి చెప్పాను. ముత్యాలప్ప మగ్గం ఆపలేదు, పోగుల మధ్య నాడె అటూ ఇటూ విసురుతూనే ఉన్నాడు.

"మేలు చేసినారు అయ్యవారూ. కానీ వద్దు," అన్నాడు. "తప్పింది, కూర్చునింది. ఇప్పుడు మీరు వచ్చి పాసంటా ఉండారు. ఆడబిడ్డని జాలిపడి వేసినట్లుండాది. జాలి మార్కులు మాకొద్దప్పా."

"జాలి కాదండీ, తప్పు నాది."

"అయ్యవార్లు తప్పు చేస్తారా యాడన్నా?"

జేబులోంచి కాగితం తీశాను. "మీ అమ్మాయి రాసింది చదువుతాను. జాలి మార్కులో కాదో మీరే చెప్పండి," అన్నాను. ముందు శేషు కథ, గౌరి కథ రెండు ముక్కల్లో చెప్పాను. తరవాత మొదలుపెట్టాను. "శేషు నూట అరవై పేజీలు తిరిగి తిరిగి ఆఖర్న పెద్ద అయినాడు..."

వాక్యం పూర్తి కాకుండానే చిన్న తమ్ముడు పకపకా నవ్వాడు. "మా వీధిలోనూ పెద్దే" అనేసరికి మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆడవాళ్ళు చెంగులు నోట్లో కుక్కుకున్నారు. ముత్యాలప్ప తొడ చరిచి, "అమ్మ దీని అసాధ్యం కూలా! ఎంత మాట రాసింది చూడప్పా!" అన్నాడు. తెలుగు పంతులికి అన్ని రోజులు పట్టిన అర్థం ఆ గదిలో అందరికీ వాక్యం మధ్యలోనే అందింది. వాళ్ళు నవ్వుతూంటే నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఈ పిల్లనా నేను మూల కూర్చోబెట్టింది!

ఆఖరిదాకా చదివి కాగితం మడవబోయాను.

"వెనకాల ఇంకొక మాట ఉండాది అయ్యవారూ," అంది రత్నమ్మ మూలనుంచి. ఆ ఇంట్లో ఆమె మాట్లాడడం అదే మొదలు. "కాగితం చాలక ఆ తట్టు రాస్తిని."

తిప్పి చూశాను. అంచున చిన్న చిన్న అక్షరాలతో ఒకటిన్నర వరస. సున్నా చుట్టే తొందరలోనూ చూడలేదు, పద్దెనిమిది వేసే సంబరంలోనూ చూడలేదు. అప్పుడే మొదటిసారి, వాళ్ళందరి ముందూ చదివాను.

"గౌరి పెరిగింది. వాళ్ళ నాయనకి మాత్రం ఇంకా తెలీలేదు."

చిన్న తమ్ముడు నవ్వబోయి అన్న మొహం చూసి ఊరుకున్నాడు. ముత్యాలప్ప చేతిలో నాడె అలాగే ఉండిపోయింది.

"ఆ మాట ఇంకొకతూరి చదవండి," అన్నాడు.

మళ్ళీ చదివాను. ఆయన కూతురివైపు చూశాడు. ఆమె తల వంచుకోలేదు. ఆయన నాడె పక్కన పెట్టి, మగ్గం గుంటలోంచి మెల్లగా పైకి లేచి, మూలకు నడిచాడు.

"లెయ్యమ్మా, లేసి బడికి పో," అన్నాడు. "ఆ రాట్నం ఇట్ల నా తట్టు జరుపు."